బాపు నీళ్ల సీసా

బాపుకు కిడ్నీల రాయి తీసి నిన్నటికి ఏడాది. ఎనుమాముల మార్కెట్‌ల మిర్చి బస్తాలు మోసే మనిషి. ఎండకాలం పొద్దంతా చెమట కారినా రెండు గ్లాసుల నీళ్లతోనే నెట్టుకొచ్చేటోడు. మూత్రం చిక్కగా, పసుపుపచ్చగ వస్తుంటే వేడి చేసిందనుకున్నం. ఒంట్లె నీళ్లు చాలతలేవని అప్పుడే పట్టుకోవాల్సింది.

ఒకసారి రాయి వచ్చినోళ్లకు మళ్ల వచ్చే అవకాశం ఎక్కువ. డాక్టర్ సారు చెప్పిన లెక్క నా మనసుల నాటుకుంది: ఎన్ని నీళ్లు తాగినవని కాదు, రోజుకు 2.5 లీటర్ల మూత్రం వస్తుందా అని చూడాలె. ఉప్పు తగ్గించాలె, పెరుగు మానొద్దు. మేమేమో పెరుగు బంద్ చేసి, కంచంల తొక్కు మాత్రం ఉంచినం. ఎంత తప్పు!

ఇప్పుడు బాపు సంచిల రెండు లీటర్ల సీసా, నిమ్మకాయ ఉంటయి. పగటీలి ఫోన్ చేస్తడు: "బిడ్డా, సీసా ఒడిసింది. మళ్ల నింపుకుంటున్న."