టర్బో పోలేదు, పైపు మూసుకుపోయింది: నా అనుభవం

ముందే చెప్తున్నా, నా బండి టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే చక్రం) దివ్యంగా ఉంది. అది పోయిందని రాసిచ్చిన లక్షా అరవై వేల ఎస్టిమేట్ కాగితం మాత్రం గ్లవ్‌బాక్స్‌లోనే దాచిపెట్టా. ఎవరడిగినా తీసి చూపిస్తా.

బండి పాతదే. 1.8 లీటర్ టర్బో పెట్రోల్, డైరెక్ట్ ఇంజెక్షన్. ఏ ఇంజిన్‌లోనైనా పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాసు కింద క్రాంక్‌కేసులోకి, అంటే ఇంజిన్ అడుగు భాగంలోకి, జారుతుంది. దానికి దారి లేకపోతే ఒత్తిడి పెరిగి సీళ్లు తన్నుకొస్తాయి. అందుకే బ్రీదర్, అంటే ఆ గ్యాసును బయటికి తీసే దారి. ఐడిల్‌లో ఆ గ్యాసును మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) లాక్కుంటుంది. బూస్ట్ వచ్చాక, అంటే టర్బో గాలిని ఒత్తడం మొదలెట్టాక, మానిఫోల్డ్‌లోనే ఒత్తిడి ఉంటుంది కాబట్టి చెక్ వాల్వ్ ఆ దారి మూసేస్తుంది, గ్యాసు టర్బో ముందరి పైపులోకి పోతుంది. గ్యాసు ఒక్కటే పోతే బాధ లేదు, వెంట నూనె తుంపర కూడా పోతుంది. అది ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) అడుగున చేరుతుంది, వాల్వుల వెనక మసిగా గడ్డకడుతుంది. పాత పోర్ట్ ఇంజెక్షన్ బండ్లలో వాల్వుల ముందు చల్లే పెట్రోలే ఆ వాల్వులను కడిగేది. వీటిలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లో పడుతుంది కాబట్టి కడిగే నాథుడు లేడు. అందుకే మధ్యలో క్యాచ్ క్యాన్, అంటే ఆ నూనెను పట్టే డబ్బా, పెట్టించాలని నా పట్టుదల.

మాదాపూర్ వైపు పేరున్న ఒక పెర్ఫార్మెన్స్ గ్యారేజీకి తీసుకెళ్లా. అక్కడి కుర్రాడు చూడగానే, "అన్నా, పైపు కోసి కిందికి గాలికి వదిలేద్దాం, రేసు బండ్లకు గట్లనే చేస్తరు" అన్నాడు. వద్దన్నా. ఏసీ వేసుకుని సిగ్నల్‌లో ఆగితే ఆ కంపంతా లోపలికే వస్తుంది. ఇంజిన్‌లోకి పోయే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్ లెక్క కూడా తప్పుతుంది. పైగా మోటారు వాహనాల చట్టం, 1988 లో 52వ సెక్షన్ అనేది ఒకటుంది, కంపెనీ ఇచ్చిన రూపం మార్చొద్దంటుంది. గాలికి వదిలేయడం అయితే పొల్యూషన్ వాళ్లకు మనమే చేతికి తాళం ఇచ్చినట్టు. క్యాన్‌లోంచి వచ్చేది తిరిగి ఇంజిన్‌లోకే పోవాలని గట్టిగా చెప్పా, అలాగే బిగించారు. లోపల జాలీ, అడ్డు పలకలు ఉన్న మంచి క్యాన్. ఖాళీ డబ్బాకు రెండు బొక్కలు పెట్టి అమ్ముతున్నవి కూడా ఉన్నాయి, కొనకండి. పైపులు మాత్రం వాళ్ల ఇష్టం ప్రకారం మెరిసిపోయే నీలం సిలికాన్ వేశారు. బానెట్ ఎత్తితే పెళ్లిమండపం.

దాంతోపాటే ఒరిజినల్ ఎయిర్‌బాక్స్ (గాలి ఫిల్టర్ ఉండే డబ్బా) తీసేసి, డబ్బా లేకుండా బయటే ఉండే కోన్ ఫిల్టర్ పెట్టారు. దాని కథ తర్వాత.

కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత ఒక సాయంత్రం జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర చాలాసేపు ఆగి కదిలేసరికి వెనక నీలం పొగ. పక్కన బైకువాడు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను చూశాడు. పొద్దున చల్లటి ఇంజిన్‌తో పోతే పొగ లేదు, వాసన లేదు. వేడెక్కి ట్రాఫిక్‌లో ఆగితే మళ్లీ అదే పొగ. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) దానంతటదే పైకి లేచి ఉంటోంది.

గ్యారేజీవాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. దాంతో ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌కు వెళ్లా. ఖర్మకొద్దీ ఆ రోజు మా మామగారు హన్మకొండ నుంచి వచ్చి బండిలోనే ఉన్నారు. సర్వీస్ అడ్వైజర్ బానెట్ ఎత్తాడు, నీలం పైపులు చూశాడు, ఇక ఇంజిన్ వంక చూడలేదు. మిగతా వాళ్లను పిలిచాడు. ఒకడు ఫోన్‌లో ఫొటోలు, ఇంకొకడు నవ్వు. బండి లిఫ్ట్ ఎక్కించకుండానే, పైపు విప్పకుండానే "టర్బో పోయింది సార్" అని తీర్పు. "షాఫ్ట్ ప్లే చూశారా?" అని అడిగా. అంటే టర్బో ఇరుసు ఎంత వదులుగా ఉందో, టర్బో ముందరి పైపు తీసి వేలితో చక్రాన్ని కదిపి చూస్తే తెలిసిపోయే విషయం అది. నాకు జవాబు చెప్పకుండా మామగారి వైపు తిరిగి, "మీరైనా చెప్పండి అంకుల్, మంచి బండిని గెలికి ఆగం చేసుకున్నరు" అన్నాడు. లాంజ్‌లో టీ తాగుతున్న వాళ్లందరికీ వినబడేలా. మామగారు ఏమీ అనలేదు. పేపర్ మడతపెట్టి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారంతే. ఆ మౌనం కంటే రెండు తిట్లు తిడితే బాగుండేది.

ఇంకా చాల్లేదేమో, బయట చేయించిన పనికి తమకు బాధ్యత లేదని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. చూడకపోయినా చెక్‌అప్ ఛార్జీ మాత్రం పడింది. రెండో రోజు వాళ్ల కాల్ సెంటర్ అమ్మాయి ఫోన్ చేసి 10 కి 10 ఇవ్వమంది. ఆ పిల్ల తప్పేముంది, సున్నా అని మర్యాదగానే చెప్పా. తెల్లచొక్కా వేసుకుని ట్యాబ్ పట్టుకున్న ప్రతివాడూ మెకానిక్ అయిపోడు. జాబ్ కార్డ్ నింపే మనిషికి, నట్టు విప్పే మనిషికి మధ్య అద్దం గోడ కట్టిన రోజే ఈ సర్వీస్ సెంటర్ల పని అయిపోయింది.

ఆ రాత్రి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నేనే కూర్చున్నా. ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రానికి సర్జికల్ గ్లవ్ తొడిగి రబ్బర్ బ్యాండ్ వేసి స్టార్ట్ చేశా. చల్లగా ఉన్నంతసేపు గ్లవ్ లోపలికే లాక్కుంది, అంటే బ్రీదర్ పని చేస్తోంది. గ్లవ్ తీసి మూత పెట్టి, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి ఒక చుట్టు తిరిగొచ్చి మళ్లీ తొడిగితే అయిదు వేళ్లూ నిటారుగా లేచి నిలబడ్డాయి. ఇంజిన్ ఆపకుండా టార్చ్ పట్టుకుని పైపు పొడవునా చూసుకుంటూ వచ్చా. హెడ్ కవర్ నుంచి క్యాన్‌కు పోయే నీలం పైపు బ్యాటరీ పక్క మలుపులో చపాతీలా అతుక్కుపోయి ఉంది. చల్లారాక చూస్తే మళ్లీ గుండ్రంగా, అమాయకంగా ఉంటుంది. వేలితో నొక్కితే ఆ మలుపు దగ్గర మెత్తగా ఉబ్బి, జిడ్డుగా తగిలింది.

మామూలు సిలికాన్‌కు నూనె పడదు. గాలికీ, కూలెంట్‌కూ బాగుంటుంది, నూనె ఆవిరి తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. లోపల ఫ్లోరోసిలికాన్ (నూనె తట్టుకునే రకం) పొర ఉన్నదైతే వేరే సంగతి. బ్రీదర్ మూసుకుంటే పొగ ఎందుకంటే, టర్బో బేరింగ్‌కు వెళ్లిన నూనె తన బరువుతోనే కిందికి సంప్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున నూనె నిలిచే తొట్టిలోకి, దిగాలి. సంప్‌లో ఒత్తిడి ఉంటే దిగలేక టర్బో సీళ్లు దాటి ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. కొత్త టర్బో వేసినా రెండో రోజు అదే పొగ వచ్చేది!

రాణిగంజ్‌లో హోస్ పైపుల దుకాణం పెద్దాయన నేను తీసుకెళ్లిన ముక్కను ఒకసారి వాసన చూసి, "ఇది గాలి పైపు బేటా, నూనెకు గిది పెట్టిండెవడు?" అన్నాడు. నేను బండి పేరు కూడా చెప్పలేదు. మందం గోడ, లోపల దారం అల్లిక ఉన్న నైట్రైల్ (నూనె తట్టుకునే రబ్బరు) హోస్ 19 ఎంఎం కొలిచి కోసిచ్చాడు. వైటన్ రబ్బరు అయితే ఇంకా వేడి తట్టుకుంటుంది కానీ ధర చూసి ఆగా. మలుపు దగ్గర పైపునే వంచకుండా బాలానగర్‌లో లేత్ మీద అల్యూమినియం ఎల్బో చేయించా. బోరు, అంటే లోపలి వెడల్పు, ఒరిజినల్ కంటే తగ్గనివ్వొద్దు, అదొక్కటి గుర్తుంచుకోండి. ఇంటర్‌కూలర్ విప్పి కడిగితే నూనె బాగానే వచ్చింది. ఎగ్జాస్ట్‌లో మిగిలింది కాలేదాకా కాస్త పొగ వచ్చి ఆగిపోయింది. షాఫ్ట్ ప్లే కూడా చూశా, వేలికి అసలు తెలియనంత.

ఇక కోన్ ఫిల్టర్. బుసబుస శబ్దం తప్ప ఏమీ లేదు. ఓబీడీలో (బండి సెన్సర్ల లెక్కలు చూపించే పోర్టు) చూస్తే మే నెల ట్రాఫిక్‌లో ఇన్‌టేక్ గాలి 65 డిగ్రీలు దాటేది, బానెట్ కింద వేడే పీలుస్తుంది మరి. ఒరిజినల్ బాక్స్ ముందు గ్రిల్ నుంచి తీసుకుంటుంది. చల్లగాలి కోసం ఫిల్టర్‌ను బంపర్ కిందికి దించమని సలహా ఇచ్చేవాళ్లు మన హైదరాబాద్ వాన చూడలేదనుకుంటా. ఒక్కసారి నీళ్లు పీల్చిందంటే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. పైగా ఆయిల్ రాసే ఫిల్టర్లలో నూనె ఎక్కువైతే ఎయిర్‌ఫ్లో సెన్సర్ తీగకు పట్టేస్తుంది. పాత బాక్స్, పేపర్ ఫిల్టర్ మళ్లీ పెట్టేశా. కోన్ అమ్మకానికి ఉంది.

క్యాన్‌లో చేరింది తీస్తూ ఉండండి. ఎండాకాలం నల్లగా నూనె వస్తుంది, డిసెంబర్‌లో దగ్గర దగ్గర తిరుగుళ్లకు పాలకాఫీ రంగు నీళ్లు ఎక్కువ. డ్రైనేజీలో పోయకండి, వాడిన ఆయిల్ డబ్బాలో కలిపి ఇవ్వండి. ఇదివరకే వాల్వుల మీద పట్టిన మసిని క్యాన్ తీయదు, దానికి మానిఫోల్డ్ విప్పి వాల్‌నట్ పెంకుల పొడిని గాలితో చిమ్మి మసి రాల్చే బ్లాస్టింగ్ చేయించాలి. ఆ పని నగరంలో ఎవరు శుభ్రంగా చేస్తారో తెలిసినవాళ్లు చెప్పండి, మాదాపూర్ వాళ్లు మాత్రం వద్దు.