ఎలుక ఎత్తుకెళ్ళిన రొట్టెముక్క

జెరూసలేంకి యూదుల పస్కా పండగకి వెళ్ళాలా, ముందే వెళ్ళాలా అని ఎవరైనా అడిగితే ముందే వెళ్ళమంటాను. పండగ రాత్రి ఎవరి భోజనాల బల్ల దగ్గర వాళ్ళుంటారు. పైవాళ్ళకి కనబడే సందడంతా ఆ ముందు రోజుల్లోనే.

మహానే యెహూదా బజారు దగ్గర, నఖ్లావోత్ సందుల్లో దిగాను. గోధుమ, బార్లీ లాంటి ఐదు ధాన్యాలతో చేసి పులిసినదేదీ పండగనాటికి ఇంట్లో ఉండకూడదు. అందుకే ఏ ఇంట్లో చూసినా దులపడం, కడగడం. వీధి మొగలో గంగాళంలో నీళ్ళు సలసలా మరుగుతుంటే జనం గిన్నెలూ గరిటెలూ తెచ్చి ముంచుకుపోతున్నారు. మా ఇంటావిడది ఇరాక్ నుంచి వచ్చిన కుటుంబం. తెల్లగుడ్డ పరిచి, ఒక్క గోధుమగింజ కూడా కలవకుండా అవే బియ్యం మూడుసార్లు ఏరింది. ఎదురింటివాళ్ళు అష్కెనాజీలు, అంటే యూరప్ మూలాల యూదులు, పండగ వారమంతా అన్నమే ముట్టరు. నాకైతే ఈవిడిల్లే నయమనిపించింది!

ఈ చాకిరీ అంతా పుస్తకాల్లోంచి వచ్చిందే. పండక్కి ముప్పై రోజుల ముందునుంచే దాని నియమాలు అడగాలి, చెప్పుకోవాలి అంటుంది తల్ముద్, యూదుల ధర్మచర్చల గ్రంథం. మోషే మొదటి పస్కా వేళే నెల తర్వాతి రెండో పస్కా (మొదటిది చెయ్యలేకపోయినవాళ్ళది) సంగతులు చెప్పాడు కదా అని దానికి ఆధారం. రెండు వారాలు చాలన్నాడు రబ్బాన్ షిమోన్ బెన్ గమ్లీయేల్ అనే పండితుడు. ఆయన మాటనీ తీసెయ్యకుండా పక్కనే ఉంచారు. నాకది భలే నచ్చింది.

ఓ సాయంత్రం దగ్గర్లోని తల్ముద్ పాఠశాలలో వెనక బెంచీ మీద కూర్చోనిచ్చారు. నిశ్శబ్దంగా చదువుకుంటారనుకుంటే, అక్కడ సంతలా ఉంది. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని బల్ల గుద్ది మరీ వాదించుకుంటున్నారు. పేజీ నడుమ మూలం, ఒకవైపు రాషీ అనే పాతకాలపు పండితుడి వ్యాఖ్య, ఇంకోవైపు తోసఫోత్ అనే తర్వాతివాళ్ళ వ్యాఖ్యలు. నాకో ఇంగ్లీషు అనువాదం ఇచ్చారు. పులిసినదేమైనా ఉందేమోనని వెతికేసిన ఇంట్లోకి ఏ జంతువో మళ్ళీ రొట్టె ఈడ్చుకొచ్చిందేమోనని బెంగపడక్కర్లేదు, అలాగైతే ఇంటినుంచి ఇంటికి, ఊరినుంచి ఊరికి అనుమానమే, దానికి అంతుండదు అని ముందు మూలమే తేల్చేసింది. అయినా కొన్ని పేజీల తర్వాత మళ్ళీ మొదలు: ఎలుక రొట్టెముక్క కరుచుకుని లోపలికెళ్ళింది, కాసేపటికి ఓ ఎలుక రొట్టెతో బయటికొచ్చింది. వెళ్ళిందీ వచ్చిందీ ఒకటేనా? సరే, తెల్లది వెళ్ళి నల్లది వస్తే? నా ముందున్న కుర్రాళ్ళిద్దరూ దీనిమీద గొంతులు బొంగురుపోయేదాకా కొట్లాడుకుని, టీకి మాత్రం కలిసే వెళ్ళారు.

పండగ ముందురోజు తొలిచూలు మగవాళ్ళకి ఉపవాసం. కానీ ఆ పొద్దున తల్ముద్‌లో ఒక భాగం చదవడం పూర్తిచేస్తే విందు చెయ్యాలి, విన్నవాళ్ళూ తినొచ్చు. అందుకని నెలల ముందునుంచే లెక్కవేసుకుని, చివరి కొన్ని వాక్యాలు సరిగ్గా ఆ పొద్దుటికి మిగుల్చుకునేవాళ్ళున్నారు. నేను వెళ్ళిన సినగాగ్‌లో (యూదుల ప్రార్థనామందిరం) ఓ పెద్దాయన ఆ వాక్యాలు చదివి పుస్తకం మూశాడో లేదో పళ్ళేలు కదిలాయి. నేనూ ఇంటికి పెద్దకొడుకునే అని తెలిసి పక్కాయన నా చేతిలో కేకుముక్క పెట్టాడు. "తొందరగా తినేయండి, ఇంకాసేపైతే ఇది తగలబెట్టాల్సిన సరుకు" అన్నాడు.