ఎక్స్-వింగ్ డబ్బాలు మళ్లీ దింపాను

గరాజ్ అటక మీదున్న రెండు డబ్బాలు మొత్తానికి దింపాను. ఎక్స్-వింగ్ అనే స్టార్ వార్స్ టేబుల్ ఆటలోని బొమ్మ అంతరిక్ష నౌకలవి. లెక్కపెడితే 31 షిప్పులు. నాలుగింటి పెగ్గులు, అంటే షిప్పును స్టాండు మీద నిలబెట్టే సన్న ప్లాస్టిక్ పుల్లలు, విరిగాయి. ఆటకు పేరిచ్చిన ఎక్స్-వింగ్ షిప్పు ఒకదాని తుపాకీ గొట్టాలు వేడికి వంగి, వాడిన తోటకూర కాడల్లా వేలాడుతున్నాయి. టెక్సస్ ఎండాకాలంలో గరాజ్‌లో వదిలేసింది నేనే, ఎవర్నీ అనడానికి లేదు.

ఈ స్టార్ వార్స్ ఆట 2012లో వచ్చింది. నేను కొన్నది 2015లో, మావాడికి అప్పుడు ఎనిమిదేళ్లు. బొమ్మలు రంగులు వేసే వచ్చేవి కాబట్టి పెట్టె విప్పిన రాత్రే డైనింగ్ టేబుల్ మీద మూడడుగుల మ్యాట్ పరిచి ఆడేశాం. ఒక్కో షిప్పుకీ ఒక పైలట్ కార్డు, దాని మూలన ఆ షిప్పు ఖరీదు పాయింట్లలో అచ్చేసి ఉండేది. దళానికి మొత్తం 100. టై ఫైటర్ అనే చిన్న షిప్పుకి అకాడమీ పైలట్ కార్డు 12, అలా ఎనిమిది టై ఫైటర్లు పెడితే 96. వాడు కార్డులన్నీ నేలమీద పరిచి, వేళ్ల మీద కూడుకుంటూ దళం కట్టేవాడు. పన్నెండో ఎక్కం వాడికి బళ్లో రాలేదు, ఇక్కడే వచ్చింది.

2018లో రెండో ఎడిషన్ వచ్చింది. ఆట మెరుగైంది, కాదనను. కానీ పాత షిప్పులు అందులో ఆడాలంటే కన్వర్షన్ కిట్ కొనాల్సి వచ్చింది. తెరిస్తే అన్నీ కార్డులూ, షిప్పు ఎలా కదలాలో రహస్యంగా తిప్పి పెట్టే అట్ట డయల్సూ, టోకెన్లూ. బొమ్మ ఒక్కటీ లేదు. ఒక్కో పక్షానికి దాదాపు 50 డాలర్లు, నాకు మూడు పక్షాలూ ఉన్నాయి! పైగా పాయింట్లు కార్డుల మీంచి తీసేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. కారణం తెలుసు, అచ్చేసిన ధరను తర్వాత సరిదిద్దలేరు. అయినా దళం కట్టాలంటే ఫోన్ చేతిలో ఉండాల్సిందే. మావాడు కార్డులు నేలమీద పరచడం ఆ ఏడాదే మానేశాడు.

2020 చివర్లో ఆట బాధ్యత ఫాంటసీ ఫ్లైట్ కంపెనీ నుంచి అటామిక్ మాస్ కంపెనీకి మారింది. 2022లో మళ్లీ కొత్త రూల్స్. రెండో ఎడిషన్‌లో 200 పాయింట్లున్న దళం 20కి వచ్చింది, షిప్పుకి అదనపు బలమిచ్చే అప్‌గ్రేడ్ కార్డులకు వేరే లెక్క. పాతలెక్కలో పది పాయింట్ల తేడా ఇందులో ఒక్క పాయింటన్నమాట. ఇంకోటి, డయల్స్ తిప్పేశాకే ముందు కదిలేది ఎవరన్నది తేలుతుంది. అది ముందే తెలిసి డయల్ తిప్పడంలోనే నాకు మజా ఉండేది. టోర్నమెంట్లకి ఇదే నయమన్నవాళ్లూ ఉన్నారు, ఉండనీ. 2024 జూన్‌లో ఇక కొత్తవేమీ రావని ప్రకటించారు. అభిమానులు రెండు జట్లై, ఒకరు అటామిక్ మాస్ రూల్స్ దారిలో వచ్చిన ఆటనీ, ఇంకొకరు పాత 200 పాయింట్ల ఆటనీ నడుపుతున్నారు.

నేను మాత్రం ఇంట్లోకి మొదటి ఎడిషనే అనుకున్నాను. పాత కార్డులు చెప్పుల పెట్టెలో దొరికాయి. రబ్బరు బ్యాండ్లు కరిగి అంటుకుపోయి 11 కార్డులు పాడయ్యాయి, ఇకమీదట స్లీవ్సే, అంటే కార్డుకు తొడిగే ప్లాస్టిక్ కవర్లు. పైలట్ కార్డులకు మామూలు కార్డు సైజు, అప్‌గ్రేడ్లకు 41 × 63 మి.మీ. చిన్న సైజు కొనాలి.

ఇప్పటిదాకా అయిన రిపేర్లు. వంగిన గొట్టాలకు వేడినీళ్లు. బాగా కాగాక పొయ్యి కట్టేసి, పటకారుతో రెక్క వరకే ముంచి 20 సెకన్లు, బయటికి తీసి వేళ్లతో సాపు చేసి, అలాగే పట్టుకుని వెంటనే ఐసునీళ్లలో. మొదటిసారి తొందరపడి ఐసునీళ్లు లేకుండా చేశాను, పొద్దుటికి మళ్లీ వంగింది. పొట్టలో ఇరుక్కున్న పెగ్గు ముక్కకైతే చేతి డ్రిల్లుతో ఒక మి.మీ. బొక్క పెట్టి, సన్న స్క్రూ రెండు చుట్లు తిప్పి లాగాలి. మూడు వచ్చాయి. నాలుగోదానికి పొట్టే చిట్లింది, అది ఇక కూలిపోయిన షిప్పుగా మ్యాట్ మీద అడ్డంకి పని చేస్తుంది.

రంగు జోలికి పెద్దగా పోలేదు. సబ్బునీళ్లతో కడిగి ఆరాక, నల్ల వాష్, అంటే నీళ్లలా పల్చటి రంగు, గీతల్లోకి దింపి, పైన మెరుపు లేని వార్నిష్. టై ఫైటర్ల రెక్కల మీద వాష్ ఎక్కువైతే మరకలు కడుతుంది, ఆరకముందే తడి బ్రష్‌తో పీల్చేయాలి. ఆరు అయ్యాయి, రెండు మరకలతోనే ఉన్నాయి.

కనపడనివి ఐదు డయల్స్. వాటికి కదలిక చీటీ మీద రాసి బోర్లా పెడదామని ఫోన్‌లో మావాడితో అంటే, "నాన్నా, నీ చేతిరాత నాకు చదవడం రాదు" అన్నాడు. థాంక్స్‌గివింగ్‌కి కాలేజీ నుంచి వస్తాడు. ఈలోపు అట్ట కత్తిరించి ఐదు డయల్స్ చేయాలి.