పేషెంట్‌ని కాను, విజిటర్‌ని

నాన్నకి మతిమరుపు మొదలైందేమోనని అనుమానం వచ్చాక, ఒక ఆరోగ్య సేవల సంస్థ వెబ్‌సైట్‌లో దాని గురించి చాలా పేజీలే చదివాను. వయసుతో వచ్చే మరుపుకీ డిమెన్షియాకీ తేడా ఏమిటి, ఏ పరీక్షలు చేస్తారు, ఇంట్లోవాళ్లు ఎలా మసులుకోవాలి, ఇలాంటివి. సైట్ బాగుంది, అనవసరంగా భయపెట్టకుండా రాశారు. అకౌంట్ తెరవలేదు. సంరక్షకుల కోసం పంపే న్యూస్‌లెటర్‌కి మెయిల్ ఐడీ ఇచ్చాను, ఒక సందేహం అడగడానికి ఫారం నింపాను. నా చేత్తో నేను ఇచ్చింది అంతే. కొద్ది రోజులకి సోషల్ మీడియాలో జ్ఞాపకశక్తి మాత్రలు, వృద్ధాశ్రమాలు, ఇంటికొచ్చే నర్సులు, ఇవే ప్రకటనలు.

ప్రకటన కనిపించినంత మాత్రాన ఆ సైటే చెప్పేసిందని అనలేం. అదే విషయం నేను సెర్చ్ ఇంజిన్‌లోనూ వెతికాను, వీడియోలూ చూశాను. ఎక్కణ్నించి పొక్కిందో ప్రకటన చూసి తేల్చడం ఎవరి వల్లా కాదు. ఊరికే అనుమానపడి తిట్టుకునే బదులు, నా గురించి వాళ్ల దగ్గర ఏముందో, ఎవరికి పంపారో వాళ్లనే అడుగుదామనిపించింది.

ముందు ప్రైవసీ పాలసీ చదివాను. పొడుగ్గానే ఉంది గానీ మరీ కొరుకుడుపడని భాష కాదు. సగం చదివేసరికి ఒకటి అర్థమైంది. ఆ కాగితం ఇద్దరు వేర్వేరు మనుషుల గురించి రాసింది. ఒకరు పేషెంట్. ఆయన రికార్డులు ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచుతారు, చికిత్సకి సంబంధం లేనివాళ్లు చూడకూడదు, ఎవరు ఎప్పుడు తెరిచారో కూడా నమోదవుతుంది. రెండో మనిషి విజిటర్. ఇతని దగ్గరికొచ్చేసరికి హామీలన్నీ సడలిపోయాయి. ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మన కనెక్షన్‌ని గుర్తుపట్టే నంబరు), ఫోన్ మోడల్, చూసిన పేజీలు, వెతికిన మాటలు సేకరిస్తారు. వాటిని ‘విశ్లేషణ భాగస్వాములు’, ‘ప్రకటనల భాగస్వాములు’ అనేవాళ్లతో పంచుకుంటారు. ఆ భాగస్వాములెవరో పేర్లు లేవు. ఎంతకాలం దాచుకుంటారంటే ‘అవసరమైనంత కాలం’. అవసరం ఎవరిదో రాయలేదు.

రాత్రి ఒంటిగంటకి ‘నాన్న దారి మర్చిపోతున్నారు ఏం చేయాలి’ అని టైప్ చేసే మనిషి ఈ రెండో రకంలోకి వస్తాడు. డాక్టర్ గదిలోకి అడుగుపెట్టాక అదే మాట చెబితే అది వైద్య రహస్యం. అంతకుముందు చెబితే వెబ్ ట్రాఫిక్.

ఈ గీత ఆ సంస్థ సొంతంగా గీసింది కాదు, చట్టాల్లోనే నలుగుతోంది. అమెరికాలో పేషెంట్ సమాచారాన్ని కాపాడే హిపా చట్టం 1996 నాటిది. సైట్‌కి ఊరికే వచ్చి చదివిపోయేవాళ్ల ఐపీ అడ్రస్, వాళ్లు చూసిన జబ్బు పేజీ, రెండూ కలిస్తే అది కూడా రక్షణ కిందికి రావచ్చని అక్కడి ఆరోగ్య శాఖ 2022 డిసెంబర్‌లో సూచన ఇచ్చింది. ఆసుపత్రుల సంఘం కోర్టుకెళ్లింది. 2024 జూన్‌లో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు ఆ భాగాన్ని కొట్టేసింది. యూరప్‌లో గాలి ఇంకోవైపు వీస్తోంది. డాక్టర్ చీటీ అక్కర్లేని మందులైనా సరే, ఆన్‌లైన్ ఫార్మసీలో ఇచ్చిన ఆర్డర్ వివరాలు ఆరోగ్య సమాచారమేనని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2024 అక్టోబర్‌లో తేల్చింది. నాకు రెండోదే న్యాయంగా అనిపిస్తుంది.

పాలసీలో రాసింది ఒకటి, జరిగేది ఒకటి కావచ్చు కదా. జరిగేది చూడటం ఎలా అని మా మేనల్లుణ్ని అడిగాను. వాడు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. ‘కంప్యూటర్‌లో ఆ సైట్ తెరిచి ఎఫ్12 నొక్కు మామయ్యా. నెట్‌వర్క్ అని ఉంటుంది, అక్కడికెళ్లి పేజీ రీలోడ్ చెయ్యి’ అన్నాడు ఫోన్లో. చేశాను. లైన్లు జలజలా దొర్లాయి. ఒక్కో లైను నా బ్రౌజర్ ఎక్కడికో పంపిన ఒక్కో అభ్యర్థన. సైట్ సొంత పేరుతో ఉన్నవి పక్కన పెడితే మిగిలినవన్నీ బయటివాళ్లవి. అక్షరాల ఫాంట్లు ఇచ్చేవాళ్లు, వీడియో ప్లేయర్ వాళ్లు, విజిటర్ల లెక్కలు కట్టేవాళ్లు, ఒక సోషల్ మీడియా సంస్థ. ఫాంట్ల మీద నాకు గొడవ లేదు. చివరి రెండు రకాలే నేను వెతుకుతున్నవి.

సైట్‌లో ఉన్న సెర్చ్ బాక్స్‌లో ‘డిమెన్షియా పరీక్ష’ అని కొట్టి చూశాను. పేజీ చిరునామాలో ప్రశ్న గుర్తు తర్వాత నేను కొట్టిన మాటలు వచ్చి కూర్చున్నాయి. ఆ చిరునామా మొత్తం, మాటలతో సహా, సోషల్ మీడియా సంస్థకి వెళ్లిన లైనులో కనిపించింది. అదే బ్రౌజర్‌లో నేను ఆ సోషల్ మీడియాలో లాగిన్ అయి ఉన్నాను. నా పేరు సైట్ చెప్పక్కర్లేదు, అవతలివాళ్ల దగ్గర ముందే ఉంది.

ఇక్కడ చాలామంది తాళం బొమ్మని నమ్ముకుంటారు. అడ్రస్ పక్కన ఉండే ఆ తాళానికి అర్థం, దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే. సైట్ తనే పిలిచి కూర్చోబెట్టిన బయటివాళ్లని అది ఆపదు. ఇన్‌కాగ్నిటో విండో కూడా అంతే. మూసేశాక మన కంప్యూటర్‌లో కుకీలూ (మనల్ని గుర్తుపట్టడానికి సైట్లు బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్లు) హిస్టరీ మిగలవు, కానీ చూస్తున్నంతసేపూ సైట్‌కీ దాని భాగస్వాములకీ మన ఐపీ అడ్రస్ కనబడుతూనే ఉంటుంది.

తర్వాత కుకీ బ్యానర్ పని పట్టాను. ‘అన్నీ అంగీకరించు’ పెద్ద రంగు బటన్. వద్దనాలంటే ‘సెట్టింగ్స్’లోకి వెళ్లి, ఒక్కోటి ఆపి, కిందికి జరిపి సేవ్ చెయ్యాలి. భారతదేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంత తేలికగా ఉండాలంటుంది. యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్‌లోనూ ఆ మాట ఉంది. ఓపిగ్గా అన్నీ ఆపి మళ్లీ ఎఫ్12 నొక్కాను. లెక్కలు కట్టేవాళ్ల లైన్లు మాయమయ్యాయి. సోషల్ మీడియా సంస్థ లైను మాత్రం సెర్చ్ పేజీలోనూ, అపాయింట్‌మెంట్ పేజీలోనూ అలాగే ఉంది. చూడగా చూడగా తెలిసిందేమిటంటే, దాన్ని ‘తప్పనిసరి’ కుకీల గుంపులో వేశారు. తప్పనిసరి గుంపుకి ఆపే బటనే ఉండదు.

కుకీ పుట్టింది 1994లో, నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో పనిచేసే లూ మాంటుల్లీ చేతిలో. కొనాలనుకున్న వస్తువులని సైట్ గుర్తుపెట్టుకోవడం లాంటి పనులకి. లాగిన్‌ని గుర్తుంచుకునే కుకీ తప్పనిసరి అంటే ఒప్పుకుంటాను. నేను చదివిన జబ్బు పేరుని ప్రకటనల సంస్థకి చేరవేసేది నాకెందుకు తప్పనిసరో అర్థం కాలేదు.

ఇది ఎక్కడా లేని వింత కూడా కాదు. 2022 జూన్‌లో ద మార్కప్ అనే వార్తాసంస్థ అమెరికాలోని 100 ప్రముఖ ఆసుపత్రుల సైట్లు పరిశీలిస్తే, 33 సైట్లలో అపాయింట్‌మెంట్ బటన్ నొక్కగానే మెటా పిక్సెల్ అనే ట్రాకర్ (సైట్‌లో పెట్టే చిన్న కోడ్) ద్వారా ఫేస్‌బుక్‌కి సమాచారం వెళ్లింది. ఇలా ఆరోగ్య సమాచారం ప్రకటనల సంస్థలకి పంచిన వ్యవహారాల్లోనే, 2023లో వినియోగదారుల తరఫున చూసే అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్యలతో, మందులకి రాయితీ కూపన్లు ఇచ్చే గుడ్‌ఆర్‌ఎక్స్ 15 లక్షల డాలర్లు, ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ఇచ్చే బెటర్‌హెల్ప్ 78 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. బెటర్‌హెల్ప్ వ్యవహారంలో మెయిల్ ఐడీలని నేరుగా కాక, హ్యాష్ చేసి పంపారు. హ్యాష్ చేస్తే మెయిల్ ఐడీ అర్థంకాని అక్షరాల వరసగా మారిపోతుంది, నిజమే. కానీ అదే మెయిల్ ఐడీని అదే పద్ధతిలో హ్యాష్ చేస్తే ఎవరికైనా అదే వరస వస్తుంది. అవతలివాళ్లు తమ దగ్గరున్న వరసలతో సరిచూసుకుంటే మనిషి దొరికిపోతాడు. అందుకే ‘మీ మెయిల్‌ని హ్యాష్ చేసే పంపుతాం’ అని పాలసీలో ఉంటే దాన్ని ధైర్యం చెప్పే మాటగా తీసుకోను.

పాలసీ చివర డేటా ప్రొటెక్షన్ ఆఫీసర్ మెయిల్ ఉంది. కోపం చూపించకుండా పొట్టిగా రాశాను. ఈ మెయిల్ ఐడీకి సంబంధించి మీ దగ్గరున్న సమాచారం మొత్తం కాపీ కావాలి. అది ఎవరెవరికి ఇచ్చారో రకాలు కాదు, పేర్లు కావాలి. ఒక్కోటి ఎంతకాలం ఉంచుతారో చెప్పండి. సెర్చ్ మాటలు బయటికి ఏ సమ్మతి మీద వెళ్తున్నాయో చెప్పండి. కింద స్క్రీన్‌షాట్లు పెట్టాను. నెలలోపు జవాబిస్తామని వాళ్ల పాలసీలోనే ఉంది. జీడీపీఆర్ ఇచ్చిన గడువూ అదే, చిక్కు కేసుల్లో ఇంకో రెండు నెలలు పొడిగించుకోవచ్చు.

ముందు వచ్చిన జవాబు, మీరెవరో రుజువుగా గుర్తింపు కార్డు స్కాన్ పంపండి అని. ఇక్కడే చాలామంది ఆగిపోతారనుకుంటా. నేను పంపలేదు. ‘మీ దగ్గరున్నది నా మెయిల్ ఐడీ ఒక్కటే. కార్డు పంపితే దాన్ని దేనితో సరిచూస్తారు? ఆ మెయిల్‌కే ఒక లింక్ పంపండి, నొక్కుతాను’ అని రాశాను. ఒప్పుకున్నారు. నా గురించి ఏముందో తెలుసుకోవడానికి ఇంకొంచెం సమర్పించుకోవాలా అని అడిగితే ఎవరికైనా జవాబు చెప్పడం కష్టమే మరి.

గడువు దాటకుండానే ఫైల్ వచ్చింది. న్యూస్‌లెటర్ నేను ఎప్పుడెప్పుడు తెరిచానో, ఏ లింక్ నొక్కానో అందులో ఉంది. మెయిల్‌లో కంటికి కనబడనంత చిన్న బొమ్మ ఒకటి పెడతారు. అది లోడ్ అయితే మెయిల్ తెరిచినట్టు లెక్క. మెయిల్ యాప్‌లో బొమ్మలు వాటంతటవే లోడ్ కాకుండా ఆపుకుంటే దీన్ని చాలావరకు తప్పించుకోవచ్చు. ఫారంలో నాన్న గురించి రాసిన నాలుగు ముక్కలూ అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. అవి సంస్థ దగ్గరే కాదు, ప్రశ్నలకి జవాబులిచ్చే సాఫ్ట్‌వేర్ నడిపే ఇంకో కంపెనీ సర్వర్లలోనూ ఉన్నాయి. ఆ కంపెనీ పేరు ఇచ్చారు, మెచ్చుకోవాలి.

నేను చదివిన పేజీలు, వెతికిన మాటలు మాత్రం ఫైల్‌లో లేవు. ‘బ్రౌజింగ్ సమాచారాన్ని మేం మీ పేరుతో జోడించలేం కాబట్టి ఇవ్వలేం’ అన్నారు. ఈ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అబద్ధం కాదది. వాళ్లు జోడించలేరు. జోడించగలిగినవాళ్లకి పంపేశారు. పంపినవాళ్ల దగ్గర కాపీ అడిగితే లేదంటారు, అందుకున్నవాళ్లు నేను ఉత్తరం రాసిన సంస్థే కాదు. పాలసీ మొత్తంలో ఈ సందు గురించి ఒక్క ముక్క లేదు.

అవతలి వైపు నుంచి చూద్దామని సోషల్ మీడియా అకౌంట్ సెట్టింగ్స్ వెతికాను. బయటి సైట్లు మన గురించి పంపినవి చూపించే పేజీ ఒకటి ఉంది, చాలా లోపల. ఆరోగ్య సైట్ పేరు ఆ జాబితాలో కనిపించింది, తేదీతో సహా. ఏం పంపిందో పూర్తి వివరం ఇవ్వరు, ‘పేజీ చూశారు’ లాంటి పొడి మాటలే. అయినా నా ఉత్తరానికి అంతకన్నా గట్టి ఆధారం ఇంకేం కావాలి? స్క్రీన్‌షాట్ తీసుకుని, ఆ తర్వాత పాత వివరాలని అకౌంట్ నుంచి విడదీసి, ఇకముందు జోడించకుండా ఆపేశాను. ముందు స్క్రీన్‌షాట్, తర్వాతే తుడవడం. వరస తిరగబడితే చూపించడానికి ఏమీ మిగలదు.

రెండో ఉత్తరం ఆ స్క్రీన్‌షాట్‌తో వెళ్లింది. ఫారంలో రాసింది, న్యూస్‌లెటర్ చరిత్ర డిలీట్ చెయ్యమన్నాను. చేశారు. అయితే మెయిల్ ఐడీ ఒక చోట ఉంచుకుంటామన్నారు, మళ్లీ పొరపాటున మెయిల్స్ వెళ్లకుండా ‘పంపకూడనివాళ్ల జాబితా’లో. ఇది సబబే. నన్ను మర్చిపోయామని గుర్తుంచుకోవాలంటే ఎక్కడో రాసుకోవాలి కదా. నేను పేషెంట్‌నై ఉంటే వైద్య రికార్డులు అడిగినా తీసేసేవాళ్లు కాదు. వాటిని ఏళ్ల తరబడి ఉంచాలని చాలా దేశాల్లో చట్టమే చెబుతుంది, చికిత్సకీ అది మంచిదే.

ఆ సోషల్ మీడియా సంస్థ ట్రాకర్ విషయంలో జవాబు ఆలస్యమైంది. సెర్చ్ పేజీలో అది ఉండటం ‘ఉద్దేశపూర్వకం కాదు’ అని రాసి తీసేశారు. ఎఫ్12 నొక్కి చూశాను, నిజంగానే లేదు. అపాయింట్‌మెంట్ పేజీలో మాత్రం ఇంకా ఉంది. ప్రకటన చూసి వచ్చినవాళ్లలో ఎంతమంది అపాయింట్‌మెంట్ తీసుకున్నారో తెలియాలంటే అది ఉండాలట, మార్కెటింగ్ వాళ్లతో మాట్లాడి చెబుతామన్నారు. కనీసం ‘తప్పనిసరి’ గుంపులోంచి తీసి ఆపే బటన్ పెట్టమనీ, పెట్టకపోతే ఆ నిర్ణయం ఏ హోదాలో ఉన్నవారిదో రాతపూర్వకంగా చెప్పమనీ మళ్లీ రాశాను.