నల్ల తెర మీద లినక్స్ నేర్చుకున్నాను

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల సైబర్ సెక్యూరిటీ బోర్డులకు కొదవలేదు. నేనూ అక్కడే ఒక కోర్సులో చేరాను. మొదటి రోజు నుంచే కాలీ లినక్స్ (సెక్యూరిటీ పరీక్షల టూల్స్‌తో వచ్చే ఆపరేటింగ్ సిస్టమ్), దాని టూల్స్. టూల్స్ పేర్లు నోటికొచ్చాయి గానీ, ఒక ఫైల్ ఎక్కడుందో టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే తెర) వెతకమంటే చేతులు ఆడేవి కావు.

ఆ లోటు తీర్చింది ఒకరకంగా నా డొక్కు లాప్‌టాపే. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో కొన్న సెకండ్ హ్యాండ్‌ది, ర్యామ్ 4 జీబీ. వర్చువల్‌బాక్స్‌లో (ఒక కంప్యూటర్ లోపల ఇంకోటి నడిపే సాఫ్ట్‌వేర్) కాలీ తెరిస్తే మౌస్ కూడా సరిగ్గా కదిలేది కాదు. సిస్టమ్ అడ్మిన్‌గా చేసే మా రూమ్మేట్ అన్న చూసి, "డెస్క్‌టాప్ ఎందుకు తమ్మీ? ఉబుంటు సర్వర్ అనే లినక్స్ ఎక్కించుకో. నల్ల తెర తప్ప ఏం ఉండదు, ఛస్తే నేర్చుకుంటవ్" అన్నాడు. అదే జరిగింది.

సీడీ, ఎల్ఎస్, సీపీ లాంటి కమాండ్లు తొందరగానే వచ్చేశాయి. ఫైల్ పర్మిషన్ల (ఫైల్‌ను ఎవరు ఏం చేయొచ్చో) దగ్గర మాత్రం కొన్నాళ్లు ఆగాను. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. ఉబుంటులో పాస్‌వర్డ్ హ్యాష్‌లు (పాస్‌వర్డ్‌ను గుర్తుపట్టలేకుండా మార్చిన రూపాలు) ఉండే షాడో ఫైల్‌కు 640 ఎందుకుందో (ఓనర్‌కు చదవడం, రాయడం, గ్రూపుకు చదవడం, మిగతావాళ్లకు సున్నా) అర్థమయ్యాకే మిగతాదీ తలకెక్కింది.

సాధనకు ఓవర్ ద వైర్ వెబ్‌సైట్ వాళ్ల బ్యాండిట్ ఆట ఆడాను. ఎస్ఎస్‌హెచ్‌తో (దూరంలోని కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అయి, ఒక్కో లెవెల్‌లో తర్వాతి లెవెల్ పాస్‌వర్డ్ వెతకాలి. డబ్బు కట్టక్కర్లేదు. మొదట్లోనే ఒక ఫైల్ వస్తుంది, దాని పేరు ఉత్త డాష్. ఫైల్‌ను చూపించే క్యాట్ కమాండ్ కొట్టి డాష్ పెడితే, అది కీబోర్డు నుంచి చదవాలనుకుని కదలకుండా కూర్చుంటుంది. ముందు చుక్క, స్లాష్ తగిలిస్తేనే ఫైల్ తెరుచుకుంటుంది.

అసలు చదువు లాగ్స్‌తో (కంప్యూటర్‌లో జరిగేవి నమోదయ్యే ఫైళ్లు) మొదలైంది. అన్న అద్దెకు తీసుకున్న క్లౌడ్ సర్వర్‌లో ఎస్ఎస్‌హెచ్ వాడే 22వ పోర్ట్ తెరిచి ఉంది. ఒక పొద్దున, లాగిన్ ప్రయత్నాలు నమోదయ్యే ఆథ్ లాగ్ చూస్తే, ఎవరెవరో రూట్, అడ్మిన్, టెస్ట్ పేర్లతో లాగిన్ కోసం తలుపు బాదుతూనే ఉన్నారు. లైన్లు వెతికే గ్రెప్‌తో ఫెయిల్డ్ పాస్‌వర్డ్ లైన్లు, కాలమ్‌లు విడదీసే ఆక్‌తో ఐపీలు (ప్రయత్నించిన కంప్యూటర్ల అడ్రస్‌లు) తీయాలి. కానీ లేని యూజర్ పేరు కొడితే లైన్‌లో ఇన్‌వాలిడ్ యూజర్ అని రెండు మాటలు అదనంగా చేరి కాలమ్ జరిగిపోతుంది. చివరి నుంచి లెక్కపెట్టమన్నాడు అన్న. ఎలా వచ్చినా ఐపీ వెనక నుంచి నాలుగోదే. తర్వాత వరసలో పెట్టే సార్ట్, ఆపైన యూనిక్. యూనిక్ పక్కపక్కనున్న లైన్లనే కలిపి లెక్కిస్తుంది కాబట్టి సార్ట్ ముందుండాల్సిందే. జాబితా చూశాక పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి, కీ ఫైల్‌తో లాగిన్ మాత్రమే ఉంచాం.

గచ్చిబౌలిలో ఇంటర్వ్యూకు వెళ్తే కాలీ ఊసే ఎత్తలేదు. ఒక లాగ్ ఫైల్ తెరిచి, ఎక్కువసార్లు ప్రయత్నించిన ఐపీ ఏదో చెప్పమన్నారు. ఇప్పుడు ఎస్ఓసీలో (దాడులను కనిపెట్టే సెక్యూరిటీ విభాగం) నైట్ షిఫ్ట్. క్లౌడ్ లాగ్స్ ఎక్కువగా జేసన్‌లో (పేరు, విలువ జతలుగా రాసే ఫార్మాట్) వస్తున్నాయి, ఆక్ కాలమ్ లెక్కలు అక్కడ సాగడం లేదు. అందుకే ఈ మధ్య జేసన్ నుంచి కావాల్సింది తీసే జేక్యూ కమాండ్ పట్టుకున్నాను.