సముద్రం తీసుకున్న స్థలం ఏ కాలమ్‌లో రాయాలి?

తూర్పు గోదావరి ఉమ్మడి జిల్లాగా ఉన్న రోజుల్లో నా రెవెన్యూ ఉద్యోగం కొంతకాలం ఏజెన్సీ వైపు, కొంతకాలం తీరం వైపు సాగింది. రిటైరయ్యాక కూడా ఒక విషయం నన్ను వదలడం లేదు. దేవీపట్నం వైపు పోలవరం ముంపులో ఊళ్లు ఖాళీ అయ్యాయి. కాకినాడ దగ్గర ఉప్పాడ వైపు కెరటాలకి పేటలు ఖాళీ అవుతున్నాయి. రెండుచోట్లా జనం పుట్టిన ఊరు వదిలి పోవాల్సిందే. కానీ మొదటివాళ్లకి చట్టం ఉంది, రెండోవాళ్లకి లేదు.

ప్రాజెక్టు కోసం ప్రభుత్వం భూమి తీసుకుంటే 2013 భూసేకరణ చట్టం వర్తిస్తుంది. ఇంటికి ఇల్లు ఇవ్వాలి, బతుకుదెరువు పోయినందుకు డబ్బివ్వాలి. కొత్త కాలనీలో రోడ్లు, తాగునీళ్లు, బడి మొదలుకుని శ్మశానం దాకా 25 వసతులుండాలని షెడ్యూల్‌లోనే రాసి ఉంది. పోలవరంలో ఇదంతా సవ్యంగా జరిగిందని నేననను. అయినా ఆ నిర్వాసితుల దగ్గర అడగడానికి ఒక ఆధారం ఉంది, కోర్టు మెట్లెక్కే దారి ఉంది. ఉప్పాడ పక్క పేటలో మత్స్యకారుడికి అదీ లేదు. అతని భూమి తీసుకున్నది ప్రభుత్వం కాదు, సముద్రం కదా!

ఉప్పాడ కోత ఈనాటిది కాదు. సుబ్బంపేట, మాయాపట్నం, కోనపాపపేట వైపు ఎవరినడిగినా తమ పాత ఇల్లు ఎక్కడుండేదో సముద్రంలోకి చూపిస్తారు. కాకినాడ బీచ్ రోడ్డు తుపాను వచ్చినప్పుడల్లా తెగుతుంది, బండరాళ్లు పోస్తారు, మళ్లీ తెగుతుంది. ఇసుక నింపిన పెద్ద గొట్టాల్లాంటి సంచులతో జియోట్యూబ్ గోడ కట్టారు, అదీ దెబ్బతింది. 2025 అక్టోబరులో మొంథా తుపానుకి మళ్లీ అదే గొడవ. ఎగువ ఆనకట్టల వల్ల గోదావరి తెచ్చే ఒండ్రు తగ్గింది, పైగా సముద్ర మట్టం పెరుగుతోంది. దేశం మొత్తమ్మీద తీరంలో మూడో వంతు కోతలో ఉందని కేంద్ర ప్రభుత్వ సంస్థే లెక్క తేల్చింది. ఒక్క గోడతో తీరే సమస్య కాదిది.

ఒక తుపాను తర్వాత నష్టాల ఎన్యూమరేషన్‌కి వెళ్లాం. ఫారంలో పక్కా ఇల్లా, కచ్చా ఇల్లా, పూర్తిగా పోయిందా, కొంత పోయిందా అని కాలమ్‌లున్నాయి. ఒక ముసలావిడ ఇంటికి ఒక గోడ మిగిలింది, దాని కిందనుంచి ఇసుక జారిపోతోంది. టేపు పట్టుకుని కొలుస్తుంటే ఆవిడ నా పక్కన నిలబడి, "అదిగో బాబూ, ఆ నురగ లేస్తోందే, అక్కడ మా అత్తగారిల్లు. దాని ఇవతల రామాలయం. దానికీ ఇవతల వలలు ఆరేసుకునే జాగా. ఇది నా మూడో ఇల్లు," అంది. తర్వాత ఫారం వైపు చూసి అడిగింది: "ఇల్లు పోయిందని రాస్తున్నావు గానీ, స్థలం పోయిందని ఎక్కడ రాస్తావు?"

"దానికి కాలమ్ లేదు మామ్మా," అన్నాను. ఇప్పటికీ ఎవరైనా అడిగితే చెప్పాల్సిన జవాబు అదే. 2022-26 కాలానికి విపత్తు సాయం మీద కేంద్రం ఇచ్చిన నిబంధనల్లో మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే 1.20 లక్షలు, గుడిసెకి 8,000 అని పెట్టారు. అదే స్థలంలో మళ్లీ కట్టుకుంటారనే లెక్కలో ఇచ్చే సాయం అది. స్థలమే లేనివాళ్లు ఎక్కడ కట్టుకోవాలి? పైగా ఆ నిబంధనల్లోని 12 విపత్తుల జాబితాలో తుపాను, వరద, కరువు, వడగళ్లు, పంటల మీద చీడపీడలతో సహా ఉన్నాయి, తీరం కోత లేదు. తుపానులో కూలిన ఇంటికి సాయం వస్తుంది. తుపాను లేకుండా అమావాస్య పోటుకి కూలిన ఇంటికి మాత్రం కార్యాలయాల చుట్టూ తిరగాలి. ఈ పేటలు చాలావరకు గ్రామకంఠం (ఊరి నివాస స్థలం) మీదో, పోరంబోకు (ప్రభుత్వ భూమి) మీదో ఉంటాయి. పట్టా లేదు కాబట్టి పోయిందని నిరూపించడమూ కష్టమే.

ఢిల్లీలో ఎవరికీ ఈ సంగతి తెలియదనుకోకండి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి కోత ఆపే పనులకి 1,500 కోట్లు, కోత వల్ల నిర్వాసితులైనవాళ్ల పునరావాసానికి 1,000 కోట్లు వేరుగా సిఫార్సు చేసింది. కోత బాధితుల పునరావాసం ఒక ప్రత్యేక పద్దుగా కాగితం మీదికి రావడమే పెద్ద మార్పు. అయితే డబ్బు కేటాయించడం వేరు, అది మనిషికి హక్కు కావడం వేరు. పద్దు గడువుతో పోతుంది, హక్కు అలా పోదు.

తరలించడమంటే నాలుగు గోడలు కట్టివ్వడం కాదని ఒడిశా చూస్తే తెలుస్తుంది. కేంద్రపడా జిల్లా సాతభయా ఒకప్పుడు ఏడు ఊళ్ల సముదాయం, వాటిలో చాలావాటిని సముద్రం మింగేసింది. మిగిలిన 571 కుటుంబాలకి బాగపాటియాలో చోటు చూపించారు. 2018లో పంచుబరాహి అమ్మవార్లని కూడా అక్కడికి తరలించారు. దేవతలతో సహా ఊరంతా ఒక్కచోటికి కదలడం మంచి పనే. ఇంటికి పది సెంట్లిచ్చారు. మన దగ్గర 2020లో పల్లెల్లో పేదలకిచ్చింది సెంటున్నర, అందులో ఇల్లు కడితే వల ఎక్కడ ఆరేస్తారు, ఇంజిన్ ఎక్కడ పెడతారు? కానీ బాగపాటియాలో సాగుకి భూమి లేదు, సముద్రమూ దగ్గర్లో లేదు. మగవాళ్లు కూలికి కేరళ బాట పట్టారు. ఇల్లు దొరికాక కూడా వలస ఆగలేదన్నమాట.

ఫిజీలో వునిడొగొలొవా గ్రామాన్ని 2014లో రెండు కిలోమీటర్లు లోపలికి జరిపినప్పుడు ఇళ్లతోపాటు చేపల చెరువులు, సాగు భూమి ఏర్పాటు చేశారు. 2018లో తరలింపుకి మార్గదర్శకాలే తెచ్చారు. అంత చిన్న దేశం చేయగలిగింది మనం చేయలేమా?

నేను కోరేది పెద్ద పథకమేం కాదు. 2013 చట్టంలో ప్రాజెక్టు నిర్వాసితులకున్న హక్కులు కోత నిర్వాసితులకీ వర్తించాలి. పేట మొత్తం కలిసి కదలాలి, బోటు చేరే దూరంలో ఉండాలి, వలలకీ చేపలు ఎండబెట్టుకోవడానికీ ఉమ్మడి జాగా ఉండాలి. దీనికి ముందు మరో పని ఉంది, అది రేపే మొదలుపెట్టొచ్చు. ఏటా సర్వేయరు పాత ఎఫ్ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పుస్తకం) తీసుకుని ఒడ్డుకి వెళ్లి, ఏ సర్వే నంబరు ఎంత నీళ్లలో కలిసిందో రిజిస్టరులో ఎక్కించాలి. ఆ కుటుంబానికి స్థలం పోయినట్టు ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి.

జాబితా కూడా ఇవాళ ఒడ్డున ఉన్నవాళ్లతో ఆగకూడదు. పదిహేనేళ్ల కిందట ఇల్లు పోయి, కాకినాడలో అద్దెకి చేరినవాళ్లున్నారు. ఎన్యూమరేషన్ రోజున పేటలో కనబడరు కాబట్టి వాళ్లు ఏ లెక్కలోకీ రారు. పంచాయతీ పాత ఇంటిపన్ను రిజిస్టర్లు, పాత ఓటరు జాబితాలు బయటికి తీస్తే వాళ్ల పేర్లు దొరుకుతాయి. లెక్క అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి.