గోడ పత్రిక నుంచి వికీపీడియా దాకా

మన బడిలో చదువుకుని ఊరు వదిలి వెళ్ళినవాళ్ళలో చాలామందికి తీరిక దొరికినప్పుడు ఫోన్లో ఊరి పేరు కొట్టి చూసుకోవడం అలవాటు. అమెరికాలో ఉన్నవాళ్ళైతే మరీను. అలా వెతికితే ముందు వరసలో కనిపించేది తెలుగు వికీపీడియా పేజీ. జనాభా, విస్తీర్ణం, పిన్‌కోడ్, దగ్గరలో ఉన్న పట్నం, అన్నీ ఉంటాయి. ఆ పేజీ ఎవరు రాస్తారు, వాళ్ళకి జీతం ఎవరిస్తారు అని మన వాట్సాప్ గ్రూపులో ఒకసారి చర్చ జరిగింది. జీతం ఎవరూ ఇవ్వరు. ఉద్యోగాలు చేసుకుంటూ, ఇంటి పనులు చూసుకుంటూ, రిటైరై ఇంట్లో కూర్చుని, రాత్రిపూట ఓ గంట కేటాయించేవాళ్ళు రాస్తారు. వాళ్ళలో నేనూ ఒకణ్ణి. మన పూర్వ విద్యార్థుల సంచిక కోసం బడి జ్ఞాపకాలు రాయమని కమిటీ వాళ్ళు అడిగారు. నాకు ఈ పనీ ఆ జ్ఞాపకాలూ వేరు కావు కాబట్టి రెండూ కలిపే రాస్తున్నాను.

మేం ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు తెలుగు మాస్టారు గోడ పత్రిక మొదలుపెట్టారు. హెడ్మాస్టరు గారి గది పక్కన వరండా గోడకి డ్రాయింగ్ షీట్లు అతికించి, నెలకో సంచిక. కథలూ కవితలూ అందరూ రాసేవాళ్ళు. మాస్టారికి మాత్రం ఊరి సంగతులంటే ఇష్టం. ఊర చెరువు ఎప్పుడు తవ్వారు, మునేరు పొంగితే నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి, బడి కట్టకముందు చదువు ఎక్కడ సాగేది, ఇలాంటివి. మమ్మల్ని ఇళ్ళకి పంపి పెద్దవాళ్ళని అడిగి రమ్మనేవారు. రాసుకెళ్ళిన కాయితం చేతికివ్వగానే ఆయన మొదటి ప్రశ్న ఒకటే, "ఎవరు చెప్పారు?" చెప్పినవాళ్ళ పేరూ వయసూ కింద రాస్తేనే గోడ ఎక్కేది. ఒకే సంగతి ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయించేవారు. ఏది నిజమో తేల్చకుండా అలా రాయడమేమిటని మేం అడిగితే, తేల్చడానికి మన దగ్గర ఆధారం లేదు కదా అనేవారు.

కొమర్రాజు లక్ష్మణరావు గారి పేరు నేను మొదట విన్నది మాస్టారి నోటి నుంచే. మన ఊరికి కూతవేటు దూరంలోని పెనుగంచిప్రోలులో 1877లో పుట్టిన మనిషి. మనకి పెనుగంచిప్రోలు అంటే తిరుపతమ్మ తిరునాళ్ళే గుర్తొస్తుంది. మాస్టారికి లక్ష్మణరావు గారు గుర్తొచ్చేవారు. మునగాల సంస్థానంలో దివానుగా ఉంటూనే 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టడంలో, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పాటులో ముందున్నారు. తెలుగులో విజ్ఞాన సర్వస్వం తేవాలని పూనుకుని, 'అ' అక్షరం దగ్గరే పని ఉండగా 1923లో పోయారు. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఆ పనిని మళ్ళీ చేపట్టారు. ఇదంతా చెబుతున్నప్పుడు మాస్టారి గొంతు మారిపోయేది. అప్పుడు మాకు అర్థం కాలేదు. విజ్ఞాన సర్వస్వంలో ఒక్క వ్యాసం సరిగ్గా రాయడానికి ఎన్ని పుస్తకాలు తిరగేయాలో తెలిశాక, అన్ని వ్యాసాలు తలకెత్తుకున్న ఆ మనిషి సాహసం ఏమిటో తెలిసింది.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10న మొదలైంది. వెన్న నాగార్జున గారు అమెరికాలో ఉంటూ దాన్ని ప్రారంభించారు. అప్పట్లో కంప్యూటర్లో తెలుగు కనిపించడమే గొప్ప, టైపు చేయడం ఇంకా గొప్ప. తర్వాత లేఖిని లాంటి పరికరాలు వచ్చి, ఇంగ్లీషు కీబోర్డు మీదే తెలుగు రాయడం తేలికైంది. ఇప్పుడు వ్యాసాలు లక్ష దాటాయి. అందులో రాసేవాళ్ళు మాట్లాడుకునే చోటుకి రచ్చబండ అని పేరు పెట్టుకున్నారు. ఎవరు ఏం మార్చారో, ఏ నిమిషంలో మార్చారో ప్రతి పేజీ చరిత్రలో ఉంటుంది. ఏ వాక్యానికైనా ఆధారం చూపించమని ఎవరైనా అడగొచ్చు. ఆ నియమం మొదటిసారి చదివినప్పుడు మాస్టారే ఎదురుగా నిలబడి అడుగుతున్నట్టు అనిపించింది.

కానీ నన్ను ఇందులో నిలబెట్టింది నియమాలు కావు, మనుషులు. హైదరాబాద్‌లో అబిడ్స్ దగ్గర గోల్డెన్ త్రెషోల్డ్ అని సరోజినీ నాయుడు గారి ఇల్లుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1974లో మొదలైంది ఆ ఇంట్లోనే. ఒకప్పుడు తెలుగు వికీపీడియా నెలవారీ సమావేశాలు అక్కడ జరిగేవి. ఆదివారం పూట ఒక్కొక్కరూ లాప్‌టాప్ సంచులతో వచ్చేవాళ్ళు. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఎవరు తెచ్చారన్నది మొదటి ప్రశ్న. ఇంటర్నెట్ రాకపోతే ఒకరి ఫోన్ నుంచి అందరూ పంచుకోవాలి. నెలల తరబడి చర్చ పేజీల్లో వాడుకరి పేరుతో మాత్రమే తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుంటే ఆ సంతోషం వేరు. ఘాటుగా రాసే కుర్రాడనుకున్న ఆయన రిటైరైన లెక్చరరని తెలిసేది. పెద్దాయన అనుకున్న మనిషి ఇంజినీరింగ్ విద్యార్థి అయ్యుండేవాడు.

ఈ సమావేశాల్లో ఏం చేస్తారని మన బ్యాచ్ వాళ్ళు అడుగుతుంటారు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఖాతా తెరిపించి, ప్రయోగశాల అనే సాధన పేజీలో నాలుగు వాక్యాలు రాయిస్తారు. కొందరు వచ్చీరాగానే తమ మీద తామే వ్యాసం రాసుకుంటారు, దాన్ని తొలగిస్తే నొచ్చుకుంటారు. పత్రికలో వచ్చిన వార్తని ఉన్నదున్నట్టు దించేవాళ్ళూ ఉంటారు. అలాంటప్పుడు నోటీసు పెట్టి వదిలేస్తే ఆ మనిషి మళ్ళీ రాడు. పక్కన కూర్చుని, కాపీహక్కు అంటే ఏమిటో చెప్పి, అదే సంగతిని సొంత మాటల్లో రాయిస్తే నిలబడతాడు. మార్చి వచ్చిందంటే మహిళా దినోత్సవం పేరుతో మహిళల జీవితచరిత్రలు రాయడానికి కూర్చుంటారు. కరోనా వచ్చాక సమావేశాలు ఆన్‌లైన్‌కి మారాయి. దానివల్ల దూరంగా ఉన్నవాళ్ళు కలిశారు, మంచిదే. అయినా ఒక బల్ల చుట్టూ కూర్చుని చేసే పనికి అది సాటిరాదని నా గట్టి అభిప్రాయం.

గొడవలు లేవని కాదు. 2010కి కాస్త అటూఇటూగా యంత్రం సాయంతో ఇంగ్లీషు నుంచి అనువదించిన వ్యాసాలు పెద్ద సంఖ్యలో తెలుగు వికీపీడియాలోకి వచ్చిపడ్డాయి. చదివితే తెలుగు అక్షరాలే, తెలుగు వాక్యం మాత్రం కాదు. వాటిని ఉంచాలా, తీసేయాలా, కూర్చుని బాగుచేయాలా అన్న వాదన ఏళ్ళపాటు సాగింది. నేను తీసేయాలనే వైపు ఉన్నాను, ఇప్పటికీ అంతే. చదివినవాడికి అర్థం కాని వ్యాసం లక్ష పదాలున్నా విజ్ఞానం కాదు. బాగుచేద్దామన్న మిత్రులు మాటలు చెప్పి ఊరుకోలేదు, ఒక్కొక్క వ్యాసం పట్టుకుని తిరగరాశారు. వాళ్ళంటే నాకు గౌరవం.

2014 ఫిబ్రవరిలో పదేళ్ళ పండుగ విజయవాడలో కె.బి.ఎన్. కళాశాలలో జరిగింది. ఆ ఉత్సవాల్లో ఇచ్చిన పురస్కారానికి కొమర్రాజు లక్ష్మణరావు గారి పేరు పెట్టారు. మన పక్క ఊరి మనిషి పేరు, ఆయన పోయిన 90 ఏళ్ళకి, ఆయన తలపెట్టిన పనినే ఇంకో రూపంలో చేస్తున్నవాళ్ళ నోట వినడం నాకు మాటల్లో చెప్పలేని ఆనందం. మరుసటి ఏడు తిరుపతిలో కలిశారు. 2023 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో దేశం మొత్తానికి వికీ సమావేశం జరిగింది, 2024 జనవరిలో విశాఖపట్నంలో ఇరవయ్యేళ్ళ పండుగ. ఆ వేడుకల ఫొటోలు బాగుంటాయి కానీ అసలు కబుర్లు భోజనాల దగ్గర తెలుస్తాయి. ఎవరు ఏ పాత పుస్తకం స్కాన్ చేశారు, ఎవరి చేతుల్లో ఏ మండలం ఊళ్ళున్నాయి అన్నవి అక్కడే.

ఊళ్ళ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. తెలుగు వికీపీడియాలో ఊరూరికీ పేజీ ఉండాలన్నది మొదటినుంచీ ఉన్న కోరిక. మొదట్లో ప్రోగ్రాములు రాసి వేల ఊళ్ళకి ఒక్కో వాక్యంతో పేజీలు సృష్టించారు. వాటిని మొలకలు అంటారు. తర్వాత 2011 జనగణన లెక్కలతో వాటిని పెంచారు. ఇంతలో 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. మన దగ్గర 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి, మనం కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాం. ప్రభుత్వం ఒక్క ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. ఇక్కడ మాత్రం ప్రతి ఊరి పేజీలో జిల్లా పేరు, మండలం, పటం, పట్టికలు, వర్గాలు మార్చాలి. ఉత్తర్వులు ముందు పెట్టుకుని, ఊరు వెంట ఊరు, మార్చినవాళ్ళున్నారు. వాళ్ళెవరూ మన ఊరు చూసినవాళ్ళు కాదు. మన ఊరి పేజీని ఆ జిల్లాలోంచి ఈ జిల్లాలోకి చేర్చింది ఎక్కడో కూర్చున్న ఒక తెలుగు మనిషి.

అయితే వాళ్ళు చేయగలిగింది అక్కడితో ఆగిపోతుంది. లెక్కలు ఢిల్లీ నుంచి వస్తాయి, మన చెరువు చరిత్ర రాదు. మన పేజీ తెరిచి చూడండి. మరుగుదొడ్ల వివరం ఉంది, బ్యాంకు ఎంత దూరమో ఉంది. బడి ఎప్పుడు కట్టారో, స్థలం ఎవరిచ్చారో లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో మునేరు పొంగి పెనుగంచిప్రోలు మునిగినప్పుడు మన గ్రూపులో ఫొటోలు వందలకొద్దీ వచ్చాయి. గుర్తుందా? అవి ఇప్పుడు ఎక్కడున్నాయి? ఫోన్లు మారాయి, ఫొటోలు పోయాయి. మీరే తీసిన ఫొటో ఒక్కటి వికీపీడియా ఫొటోలు దాచే కామన్స్‌లోకి ఎక్కించి ఉంటే, తేదీతో, చోటు పేరుతో, మన మనవలు కూడా చూసేవాళ్ళు. జగ్గయ్యపేట ధనంబోడు మీది బౌద్ధ స్తూపం సంగతీ అంతే. 1882లో పురావస్తు శాస్త్రవేత్త జేమ్స్ బర్జెస్ తవ్వించి దాని గురించి రాశారు, అక్కడి మాంధాత చక్రవర్తి శిల్పం చెన్నై మ్యూజియంలో ఉంది. మనం చిన్నప్పుడు ఆ గుట్ట మీదికి పిక్నిక్ వెళ్ళాం. బర్జెస్ రాసినంత కూడా మనం రాయలేదు.

ఇక్కడ ఒక చిక్కుంది. తాతయ్య చెప్పాడంటే మాస్టారు ఒప్పుకునేవారు, వికీపీడియా ఒప్పుకోదు. ఎక్కడో అచ్చయి ఉండాలి, ఇంకొకరు తెరిచి చూసుకునేలా ఉండాలి. ఈ నియమం పల్లెటూళ్ళకి అన్యాయం చేస్తుందని నేను చాలా సమావేశాల్లో అన్నాను. అచ్చులోకి ఎక్కినవాళ్ళ చరిత్రే చరిత్ర అయిపోతుంది కదా. నియమం మారలేదు, మారకపోవడానికి కారణాలూ ఉన్నాయి. అందుకని మనం చేయగలిగింది మనమే అచ్చు వేయడం. ఈ సంచిక అలాంటి అవకాశం. అందుకే కమిటీ వాళ్ళని రెండు కోరాను, ఒప్పుకున్నారు. ఊరికి, బడికి సంబంధించిన ప్రతి వ్యాసం కింద చెప్పినవారి పేరు, వయసు, చెప్పిన తేదీ వేస్తారు. రాసినవాళ్ళు సరేనంటే ఆ వ్యాసాలనీ ఫొటోలనీ క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేస్తారు. అంటే ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, రాసినవారి పేరు మాత్రం చెప్పాలి, మార్చినదాన్ని కూడా అదే షరతుతో అందరికీ ఇవ్వాలి. దీనివల్ల మీ వ్యాసం మీది కాకుండా పోదు. ఈ అనుమానం చాలామంది అడిగారు కాబట్టి రాస్తున్నాను.

ఇంట్లో పాత పుస్తకాలున్నవాళ్ళు కూడా చూడండి. మన దేశంలో రచయిత చనిపోయిన తర్వాత 60 ఏళ్ళకి పుస్తకం మీద కాపీహక్కు పోతుంది. అలాంటివి స్కాన్ చేసి, పుస్తకాలు ఉచితంగా చదువుకునే తెలుగు వికీసోర్స్‌లో పెట్టొచ్చు. యంత్రం ఆ పేజీలని చదివి అక్షరాలుగా మారుస్తుంది, కానీ 'మ'ని 'య' అనుకుంటుంది, 'ఘ'ని 'ఫ' అనుకుంటుంది. ఒకరు దిద్దితే పేజీ పసుపు రంగులోకి వస్తుంది, వేరొకరు సరిచూస్తే ఆకుపచ్చ అవుతుంది. ఇంట్లో కూర్చునే చేయొచ్చు. మన బ్యాచ్‌లో రిటైరైన టీచర్లు ముగ్గురికి ఇది చూపించాను, ఒకరు అప్పుడే మొదలుపెట్టారు.

సంక్రాంతి సెలవుల్లో కలుస్తున్నాం కదా. రెండో రోజు భోజనాలయ్యాక బడి కంప్యూటర్ గదిలో కూర్చుందాం, హెడ్మాస్టరు గారు సరేనన్నారు. తొమ్మిదో తరగతి పిల్లలు కూడా ఉంటారు. టైపింగ్ నేర్పడం నేను చూసుకుంటాను. మీరు లాప్‌టాప్ ఉంటే తెచ్చుకోండి, మీ చేతులతో తీసిన ఊరి ఫొటోలు ఏ ఏడాదివో రాసి తెచ్చుకోండి. స్టూడియోవాళ్ళు తీసిన గ్రూపు ఫొటోల హక్కులు మనవి కాకపోవచ్చు, అవి చూసుకోవడానికి తెండి, ఎక్కించడానికి కాదు. అమ్మానాన్నల్ని తీసుకురాగలిగినవాళ్ళు తప్పకుండా తీసుకురండి. పిల్లలు వాళ్ళని అడిగి రాసుకుంటారు, వచ్చే ఏటి సంచికకి అవి కావాలి. ముందుగా బడి స్థలం సంగతి, తర్వాత చెరువు, ఆ తర్వాత గ్రంథాలయం. చెరువు గురించి మా నాన్నగారు చెప్పేదీ మా పెదనాన్నగారు చెప్పేదీ ఒకటి కాదు. రెండూ రాయిస్తాను.